పొగ ఎటు పోయింది?

బండి కొనబోయే మనిషి అడిగే ప్రశ్నలు మూడే మూడు. ధర ఎంత? ఎంత దూరం ఇస్తుంది? ఎన్నాళ్లు వస్తుంది? పిల్లనిచ్చేవాళ్లు అల్లుడి గురించి వాకబు చేసేటప్పుడు అడిగేవీ ఇంచుమించు ఇవే లెండి, కాకపోతే మాటలు కాస్త మర్యాదగా వుంటాయి. అయితే నాలుగో ప్రశ్న ఒకటుంది. ఈ బండి నడవడానికయ్యే మొత్తం ఖర్చులో నేను కట్టనిది ఎంత, దాన్ని నా బదులు కడుతున్నదెవరు? ఈ ప్రశ్న షాపులో అడిగితే సేల్స్ కుర్రాడు తికమకపడతాడు. అడగకపోతే మన ప్రాణం హాయిగా వుంటుంది. అందుకే ఎవరూ అడగరు.

ఈ మధ్య మా కాగజ్‌నగర్ వీధుల్లో పచ్చ నంబరు పలకల స్కూటర్లు పెరిగాయి. చప్పుడుండదు, పొగుండదు. వెనకనించి వచ్చి పక్కన నిలబడితే గానీ వచ్చిందని తెలియదు. కూరగాయల బజారులో ఒక పెద్దావిడ ఉలిక్కిపడి, "గిదేం బండి కొడకా, పిల్లి లెక్క వచ్చి కాళ్లల్ల వడ్తది!" అని కేకేసింది. బండి మీది కుర్రాడు నవ్వి, "కరెంటు బండి అవ్వా. పెట్రోల్ లేదు, పొగ లేదు" అన్నాడు, పొగ మానేసిన ఘనత తనదే అయినట్టు. పెద్దావిడ అంత తేలిగ్గా వదల్లేదు. "మరి గా కరెంటు దేంతోని వస్తది?" అంది. కుర్రాడికి పనేదో గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

ఈ బండి రోజువారీ రాకపోకలకు పనికొస్తుందా, రాదా అన్నది ఇప్పుడు మా టీ కొట్ల దగ్గర పెద్ద చర్చ. రెండు పార్టీలున్నాయి. ఒకరు, "అది పిల్లల ఆటబొమ్మ, నడిరోడ్డు మీద నిలబెట్టేస్తది" అంటారు. రెండోవారు, "ఇంకా పెట్రోలు పోయించుకుంటున్నారా, పాపం" అని జాలిపడతారు. రెండు పార్టీలవారూ తమ బండి తమకు నచ్చడానికి ఎదుటివాడి బండిని తిట్టడం అవసరమనుకుంటారు. మతాల విషయంలో కూడా మనవాళ్లది ఇదే పద్ధతి. నేను మాత్రం మధ్యన కూచుని చాయ్ తాగుతూ లెక్కలు వేశాను. ఆ లెక్కలు ముందు చెప్పి, తర్వాత నాలుగో ప్రశ్నకొస్తాను.

మొదట చట్టం సంగతి. ఎలక్ట్రిక్ స్కూటర్లలో రెండు కులాలున్నాయి. మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలకు మించనిది మన చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించిందల్లా అసలు సిసలు బండి. దానికి పచ్చ పలక, లైసెన్సు, ఇన్సూరెన్సు, తలకు హెల్మెట్టు, అన్నీ కావాలి. "కరెంటు బండికి ఏమీ అక్కర్లేదట" అని సగం విని, హైస్కూలు పిల్లాడికి రెండో రకం బండి చేతికిచ్చే తండ్రులు మా వూళ్లోనూ వున్నారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జుర్మానా పడవచ్చు. పొగ రాకపోయినంత మాత్రాన చట్టానికి కళ్లు కనబడకుండా పోవు.

ఇక డబ్బు లెక్క. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకుందాం. నెలకు 600. పెట్రోలు స్కూటరు లీటరుకు 45 ఇచ్చిందనుకుంటే 13 లీటర్ల చిల్లర. లీటరు 107 రూపాయలనుకుంటే నెలకు 1,400 పైమాట. కరెంటు స్కూటరు, గోడ ప్లగ్గు దగ్గర కొలిస్తే, యూనిట్‌కు 28 కిలోమీటర్ల వంతున పోతుంది. అంటే నెలకు 21 యూనిట్లు. యూనిట్ అయిదు రూపాయలైతే నూట అయిదు రూపాయలు. ఈ 21 యూనిట్ల పుణ్యమా అని బిల్లు పై స్లాబుకు ఎక్కిందనుకున్నా ఇంకో అరవై వేసుకోండి. ఎటు తిప్పినా నెలకు 1,200 మిగులుతాయి. ఇందులో మోసమేమీ లేదు. కాగితం మీద లెక్క తప్పని వూరు మాది.

దూరం లెక్క కొంచెం తిరకాసుగా వుంటుంది. కాగజ్‌నగర్‌లో పుట్టి, కాగజ్‌నగర్‌లోనే ఉద్యోగం చేసుకునేవాడికి ఈ బండి ధారాళంగా చాలు. ఇల్లు, మిల్లు, బజారు, రైల్వే స్టేషను, పిల్లల బడి, అన్నీ కలిపినా పది పన్నెండు కిలోమీటర్లు. మిల్లు సైరనుకు జనం సైకిళ్ల మీద బారులు తీరిన వూరు ఇది. సైకిలుకు సరిపోయిన వూరు బ్యాటరీకి సరిపోదా? కానీ 2016 అక్టోబరులో ఆసిఫాబాదు జిల్లా కేంద్రమయింది. అప్పటినించి మా వూళ్లో కాపురముంటూ అక్కడి ఆఫీసులకు వెళ్లే ఉద్యోగులు తయారయ్యారు. పోను సుమారు ముప్పై, రాను ముప్పై. మూడు యూనిట్ల బ్యాటరీ వున్న స్కూటరు వూళ్లో నెమ్మదిగా తిరిగితే 90, 100 కిలోమీటర్లు ఇస్తుంది. పెద్దరోడ్డెక్కి అరవై వేగంతో, వెనకాల ఒక మనిషిని ఎక్కించుకుని పోతే 70 దగ్గర ఆగుతుంది. అయిదేళ్లకు బ్యాటరీ శక్తిలో అయిదోవంతు పోయిందనుకోండి, 56. అరవై కిలోమీటర్ల ఉద్యోగానికి నాలుగు కిలోమీటర్లు తక్కువ! ఆ నాలుగు కిలోమీటర్లే మనిషిని సాయంత్రం పూట తాత్వికుణ్ణి చేస్తాయి.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మా ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. డిసెంబరు, జనవరుల్లో తెల్లవారుజామున పదికి దిగడమూ వింత కాదు. లిథియం బ్యాటరీ మనిషిలాంటిదే. మరీ ఎండకు ఆయుష్షు తగ్గుతుంది, మరీ చలికి ఒళ్లు బద్ధకిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిని తెచ్చి వెంటనే ప్లగ్గులో పెట్టడం, ఎండన పడి వచ్చిన మనిషికి ముద్ద మీద ముద్ద కుక్కినట్టు. నీడన కాసేపు ఆగనిచ్చి పెట్టడం మేలు. పెట్రోలు బండి మన అజాగ్రత్తను క్షమిస్తుంది. ఇది క్షమించదు. ఒక రకంగా ఇది క్రమశిక్షణ నేర్పే బండి. రాత్రి పడుకునే ముందు రేపటి గురించి ఆలోచించనివాడు ఈ బండి కొనకూడదు.

ఇప్పుడు దారిలో ఆగిపోయిన సంగతి. పెట్రోలు అయిపోయినవాడికి ఈ దేశంలో దిక్కులేకపోవడమనేది లేదు. చెయ్యి ఎత్తితే ఎవడో ఒకడు ఆగుతాడు. పైపు దొరుకుతుంది, ఖాళీ సీసా దొరుకుతుంది. "పైసలు వద్దులే అన్నా, ముందట బంకుల కొట్టించుకో" అని వెళ్లిపోతాడు, పేరు కూడా చెప్పకుండా. పెట్రోలు అప్పు పుడుతుంది. చార్జింగు అప్పు పుట్టదు. ఎంత పరోపకారి అయినా తన బ్యాటరీలోంచి రెండు కిలోమీటర్లు తీసి నీ బ్యాటరీలో పోయలేడు. ఇది చిన్న విషయం కాదు. మా సిర్పూరు, దహెగాం, పెంచికల్‌పేట దారులు అడవి దారులు. మహారాష్ట్ర తడోబా వైపునించి పులులు వచ్చిపోయే దారులు. 2024 నవంబరులో మా మండలంలోనే చేను పనికి వెళ్లిన ఒక యువతిని పట్టపగలు పులి చంపింది. అలాంటిచోట పొద్దుగూకే వేళ 'ఇంకా నాలుగు కిలోమీటర్లు' అని మీటరు చూపిస్తే, ఆ నాలుగంకె మామూలు నాలుగులా కనిపించదు.

అయితే దీనికి రెండో వైపూ వుంది. ఆగిపోయిన కరెంటు బండివాడు దగ్గర్లోని ఇంటికి వెళ్లి, "అక్కా, జర ప్లగ్గు ఇస్తరా?" అని అడగాలి. ప్లగ్గు ఇచ్చినావిడ గంటసేపు మనిషిని వాకిట్లో నిలబెట్టదు కదా, మంచం వాలుస్తుంది, మంచినీళ్లిస్తుంది. ఏ వూరు బిడ్డా, ఎవరి తాలూకు అని అడుగుతుంది. రెండు యూనిట్ల కరెంటులో ఒక బంధుత్వం బయటపడుతుంది. పెట్రోలు సాయం రెండు నిమిషాలది, కరెంటు సాయం రెండు గంటలది. ఏది గొప్పదో చెప్పలేను. పనికి ఆలస్యమైనవాడికి మొదటిది, మనుషులు కరువైనవాడికి రెండోది.

ప్లగ్గు మాట వచ్చింది కాబట్టి ధర్మసందేహంలోకి దిగుదాం. ఆసిఫాబాదు ఉద్యోగికి నాలుగు కిలోమీటర్లు తక్కువ పడ్డాయి కదా. ఆయన ఏం చేస్తాడు? ఆఫీసులో, తన కుర్చీ వెనక గోడకున్న ప్లగ్గులో పెడతాడు. తప్పా? ఆఫీసు జీపులోంచి రోజూ లీటరు పెట్రోలు తీసుకుంటే దాన్ని మనం ఏమంటామో మీకు తెలుసు. ఆఫీసు గోడలోంచి యూనిట్ కరెంటు తీసుకుంటే మాత్రం ఏమీ అనం. పెట్రోలుకు వాసనుంది, రంగుంది, చేతికి అంటుకుంటుంది. కరెంటు ఎవరి చేతికీ అంటుకోదు. చేతికి అంటని దాన్ని తీసుకోవడానికి మన చేతులు వెనకాడవు. ఆఫీసరు "పెట్టుకోండి" అని అందరికీ చెప్పి, నెలకింత అని జమ కట్టించుకుంటే అది సదుపాయం. ఎవరూ చూడకుండా బీరువా పక్కన తీగ లాగితే అది ఇంకొకటి. తేడా యూనిట్‌లో లేదు, అడగడంలో వుంది.

ఇంటి ప్లగ్గు దగ్గర ఇంకో చిక్కుముడి. మన రాష్ట్రంలో 2024లో గృహజ్యోతి పథకం మొదలైంది. అర్హత వున్న కుటుంబానికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. పేదింట్లో దీపం వెలగాలి, ఫ్యాను తిరగాలి అని పెట్టిన పథకం. ఆ రెండువందల్లోనే స్కూటరు 21 యూనిట్లు తాగేసింది. చట్టప్రకారం తప్పేమీ లేదు, యూనిట్ మీద 'ఇది దీపానికి, ఇది స్కూటరుకు' అని రాసి వుండదు. కానీ పక్కింటివాడి సంగతి చూడండి. వాడు లక్ష పోసి కొత్త బండి కొనలేక పాత పెట్రోలు బండే నడుపుతున్నాడు. వాడు పోయించుకునే ప్రతి లీటరులో మన రాష్ట్రం నూటికి 35 పైచిలుకు వ్యాటు తీసుకుంటోంది, కేంద్రం పన్ను వేరే. కరెంటు బండివాడికేమో 2024 నవంబరు విధానం ప్రకారం 2026 డిసెంబరు దాకా రోడ్డు పన్ను లేదు, రిజిస్ట్రేషన్ రుసుము లేదు. కొనేటప్పుడు జీఎస్టీ అయిదు శాతమే. ఇద్దరూ ఒకే రోడ్డు మీద, ఒకే గుంటలో పడుతూ లేస్తూ పోతారు. గుంట పూడ్చడానికి డబ్బులిచ్చేవాడు మాత్రం పాత బండివాడు!

దీనికి సర్కారువారి జవాబు నాకు తెలుసు. కొత్త వస్తువు పసిపిల్లలాంటిది, దాన్ని కొన్నాళ్లు చంకనెత్తుకోవాలి, లేకపోతే నడవదు. నిజమే. పిల్ల నడిచాక ఈ రాయితీలు పోతాయి, పోవాలి కూడా. కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2023 జూన్‌లో ఒకసారి తగ్గింది, 2024లో ఇంకా తగ్గింది. నేను అనేదల్లా, చంకలో వున్న పిల్ల, నడుస్తున్నవాడిని చూసి "నువ్వు వెనకబడ్డావు" అని వెక్కిరించకూడదని. ఎవరి చంకలో వున్నామో గుర్తుంటే చాలు.

మంటల సంగతి చెప్పకుండా దాటేస్తే అన్యాయం. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన హోటలు వున్న భవనంలో మంటలు లేచి, ఆ పొగకు ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం బ్యాటరీల భద్రతా నియమాలు కఠినం చేసింది. అవి 2022 డిసెంబరులో కొన్ని, 2023 మార్చి ఆఖరున మిగిలినవి అమల్లోకి వచ్చాయి. పెట్రోలు మాత్రం మండదా? మండుతుంది. కానీ దాని గుణం మనకు తెలుసు. పెట్రోలు డబ్బా తెచ్చి పడగ్గదిలో మంచం పక్కన పెట్టుకుని ఎవరూ నిద్రపోరు. బ్యాటరీ పెట్టెలా వుంటుంది, శుభ్రంగా వుంటుంది, పెద్దమనిషిలా కనిపిస్తుంది. అందుకని లోపలికి రానిస్తాం. రెండో అంతస్తులో అద్దెకున్నాయన కిందికి తీగ వేలాడదీసి రాత్రంతా చార్జింగు పెడితే, కింద నిద్రపోతున్న ఇంటివారి పిల్లలకు కూడా ఆయనే జవాబుదారీ. నా బండి, నా బ్యాటరీ అనే మాట గోడ దాకానే. గోడ అవతల ఇంకొకరి నిద్ర వుంది.

మెకానిక్కు విషయంలో మా వూరివాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. దాన్ని ఒక పక్కకు వంచి, కాసేపు బుజ్జగించి, కాలితో తంతే లేచేది. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి కొనుక్కునేవాళ్లు. చెట్టు కింద కూచున్న ఏ మేస్త్రీ అయినా దాన్ని విప్పి, ఊది, మళ్లీ బిగించేవాడు. అదే పేరు 2020 జనవరిలో కరెంటు బండిగా తిరిగి వచ్చింది. దీన్ని ఎటు వంచినా లాభం లేదు. లోపల యంత్రం కంటే ఎక్కువగా ప్రోగ్రాము పనిచేస్తోంది. చెట్టు కింది మేస్త్రీ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది నాతోని గాదు సారూ, లాప్‌టాప్‌తోని అయితది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఓటమి లేదు గానీ, రేపటి గురించి ఒక ఆలోచన వుంది. బండిలో ఇంజను ఆయిలు లేదు, కార్బొరేటరు లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, సైలెన్సరు లేదు. బండివాడికి ఇది ఖర్చు తప్పడం. మేస్త్రీకి నాలుగు పద్దులు పోవడం.

కంపెనీ బాగున్నన్నాళ్లు బండి బాగుంటుంది. కంపెనీ మూతపడితే? ఒక యంత్రాన్ని నమ్ముకుని వూరు బతకడమంటే ఏమిటో మాకు అనుభవం. నిజాం కాలంలో 1938లో పెట్టి, 1942లో కాగితం తీయడం మొదలుపెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు, కొత్తపేట అనే పల్లెను కాగజ్‌నగర్ చేసింది. 2014 సెప్టెంబరులో అది ఆగింది. సైరను మోగని పొద్దు ఎట్లా వుంటుందో వూరంతా చూసింది. జీతాలు ఆగాయి, అంగళ్లు మూతపడ్డాయి, పిల్లల చదువులు ఆగాయి. 2018లో జేకే పేపర్ వారి చేతికి వచ్చాక మళ్లీ తిరిగింది. అందుకే మా వూరివాడు కొత్త కంపెనీ ప్రకటన చూసినప్పుడు 'ఎంత వేగం?' అని అడగడు. 'ఎన్నేళ్లుంటది?' అని అడుగుతాడు. కొన్ని కంపెనీలు ఇప్పుడు బ్యాటరీకి ఎనిమిదేళ్లు, 80,000 కిలోమీటర్ల దాకా హామీ ఇస్తున్నాయి. మంచిదే. ఎనిమిదేళ్ల హామీ ఇచ్చేవాడు ఎనిమిదేళ్లు నిలబడాలి కదా. సర్వీసు సెంటరు తమ బస్సు దూరంలో వున్న బండినే కొనమని నా సలహా, అది రంగు నచ్చకపోయినా సరే.

ఇంతవరకు చెప్పిందంతా సదుపాయం గురించి. ఇక నాలుగో ప్రశ్న.

మా వూరికి కొత్తగా వచ్చిన చుట్టం రైలు దిగగానే ముక్కు మూసుకునేవాడు. "ఏమైంది?" అని మేం ఆశ్చర్యంగా అడిగేవాళ్లం. గుజ్జు ఉడికే వాసన మాకు వాసన కిందే లెక్కలేదు. వెదురు అడవిలోంచి వచ్చేది, పొగ ఆకాశంలోకి పోయేది, తెల్లటి కాగితం హైదరాబాదు పోయేది. హైదరాబాదులో ఎవరో ఆ కాగితం మీద ప్రేమలేఖ రాసుకునేవారు, ఎవరో పద్దు రాసుకునేవారు, ఎవరో పర్యావరణం మీద వ్యాసం కూడా రాసి వుంటారు. కాగితానికి వాసన అంటలేదు. వాసన మాకు మిగిలింది. అంతమాత్రాన మేం ఎవరినీ తిట్టుకోలేదు. ఆ వాసనే మాకు అన్నం పెట్టింది. కానీ చదివేవాడి చేతిలో కాగితం తెల్లగా వుందంటే, ఆ తెలుపు ఖరీదు ఇంకెక్కడో ఎవరో చెల్లిస్తున్నారని మా వూళ్లో పుట్టిన ప్రతివాడికీ ముక్కు ద్వారా తెలుసు.

ఇప్పుడు పాత్రలు మారాయి. కరెంటు స్కూటరు ఎక్కిన రోజున మేం తెల్లకాగితం వైపుకు వచ్చాం. వాసన వైపు ఎవరున్నారు? దూరం పోనక్కర్లేదు. రెబ్బెన మండలం గోలేటిలో సింగరేణి బొగ్గు తీస్తోంది. మంచిర్యాల జిల్లా జైపూర్ మండలంలో సింగరేణి వారి 1,200 మెగావాట్ల కేంద్రం 2016 నించి పనిచేస్తోంది. గోదావరి అవతల రామగుండంలో ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలై, పెరిగి పెరిగి 2,600 మెగావాట్లయింది. దాని పక్కనే 800 మెగావాట్లవి ఇంకో రెండు యూనిట్లు లేచాయి. అక్కడ కుందనపల్లి దగ్గర బూడిద చెరువుంది. వేసవిలో గాలి లేస్తే ఆ బూడిద ఎవరి వాకిట్లో పడుతుందో, ఆరేసిన ఎవరి బట్టల మీద వాలుతుందో అక్కడివారిని అడగాలి. వాళ్ల బట్టలు మురికయ్యాయని మా బండికి తెలియదు.

లెక్క న్యాయంగా చెప్పాలి. మన స్కూటరు నెలకు 21 యూనిట్లు తీసుకుంటుంది. దారిలో తీగల్లో పోయేది కలిపితే కేంద్రం దగ్గర 24, 25 యూనిట్లు పుట్టాలి. అంతా బొగ్గు నుంచే అనుకుంటే అది సుమారు 16 కిలోల బొగ్గు. ఒక తట్టెడు. దాన్నించి 23, 24 కిలోల బొగ్గుపులుసు గాలి వస్తుంది. అదే దూరానికి పెట్రోలు బండి 30 కిలోల పైన వదులుతుంది. నీటి కరెంటు, ఎండ కరెంటు కలిసిన దేశ సగటు చూస్తే స్కూటరు వాటా 18 కిలోలకు దిగుతుంది. బ్యాటరీ తయారీలో పుట్టిన పొగ అప్పు తీరడానికి మొదటి ఒకటి రెండేళ్లు పోతాయి. ఆ తర్వాత నిజంగానే ఆదా. కాబట్టి 'ఇదంతా మోసం, పెట్రోలుకీ దీనికీ తేడా లేదు' అనేవారి మాట కూడా నిజం కాదు. పొగ తగ్గింది. తగ్గిన పొగ మా బజారులోంచి లేచి రామగుండం వెళ్లింది. మా బజారులో కూచునే కూరగాయలావిడ ఊపిరికి ఇది మేలే. రామగుండంలో కూచునే కూరగాయలావిడకు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వందల బండ్ల గొట్టాల్లోంచి వచ్చే పొగను పట్టడం ఎవరి తరమూ కాదు. ఒక పెద్ద గొట్టంలోంచి వచ్చే పొగను వడకట్టవచ్చు, వడకట్టమని నిలదీయవచ్చు. పెట్రోలు బండి ఎన్నేళ్లు నడిచినా పెట్రోలుతోనే నడవాలి. కరెంటు బండి మాత్రం, కరెంటు మారితే తానూ మారుతుంది. రామగుండం ఎన్టీపీసీ చెరువు నీళ్ల మీదే 100 మెగావాట్ల సౌరపలకలు 2022లో తేలాయి. అంటే దోవ వుంది. దోవలో నడవమని అడిగేవాళ్లు కావాలి. పచ్చ పలక తగిలించుకున్నవాడికి అడిగే బాధ్యత మిగతావారి కంటే ఒక పాలు ఎక్కువ. ఎందుకంటే పొగను అక్కడికి పంపింది తను.

ఇక నా తీర్పు అడిగితే, టీ కొట్టు పార్టీలు రెండింటికీ కోపం వచ్చేలా చెబుతాను. వూళ్లో తిరిగేవాడికి, ఇంటి వాకిట్లో సొంత ప్లగ్గు వున్నవాడికి, రోజుకు నలభై లోపు నడిపేవాడికి ఈ బండి అక్షరాలా పనికొస్తుంది. ఆసిఫాబాదు రోజూ పోయివచ్చేవాడు పెద్ద బ్యాటరీ అయినా కొనాలి, అటువైపు అనుమతితో ఒక ప్లగ్గయినా సంపాదించాలి. పొద్దుగూకాక అడవి దారిన పోయేవాడు ఇంకొన్నాళ్లు ఆగడమే మంచిది. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాడు 'ఎందుకైనా మంచిది' అని రెండువందల కిలోమీటర్ల బ్యాటరీ కొంటే, ఆ మిగతా నూటతొంభై కిలోమీటర్ల లిథియాన్ని ఏ చిలీలోనో ఆస్ట్రేలియాలోనో ఊరికే తవ్వించినట్టు. ఎంత చాలో తెలిసినవాడికి చిన్న బ్యాటరీ చాలు. తెలియనివాడికి ఏ బ్యాటరీ చాలదు.

మా వూరి రైలెక్కి సికింద్రాబాదు పోతుంటే మంచిర్యాల దాటాక గోదావరి వంతెన వస్తుంది. జనం చిల్లర నాణేలు వేసి దణ్ణం పెట్టుకుంటారు. వంతెన దాటిన కాసేపటికి రామగుండం గొట్టాలు కనిపిస్తాయి. అప్పుడు మాత్రం, బూడిద కళ్లల్లో పడుతుందని కిటికీలు దించేస్తారు. పచ్చ పలక బండిని స్టేషను స్టాండులో పెట్టి వచ్చిన ప్రయాణీకులు కూడా దించేస్తారు. వాళ్లు ఆ ఒక్క నిమిషం కిటికీ తెరిచి వుంచితే బాగుండునని నాకనిపిస్తుంది. అక్కడ లేస్తున్న పొగలో ఒక సన్నటి పాయ వాళ్లది.